హైడ్రెంటుకి కట్టిన తాడు

ఆ కాళ్ళు సోఫా మీంచి దించి తిన్నగా కూర్చో. రికార్డింగు నొక్కావా? నొక్కి ఊరుకోటం కాదు, చెవులు ఇటు పెట్టి విను. పక్కన మెసేజులు చూసుకున్నావంటే ఆపేస్తా. కాలేజీలో నీ ఫ్రెండెవరో అన్నదంటగా, "మీ మమ్మీ మనవాళ్ళనే ముంచింది" అని. ముంచిందో తేల్చిందో నేను చెప్తా. ఆ రోజు మీ అమ్మ ఇంట్లోపలుంది. బయట కుర్చీ వేసుకుని కూర్చున్నది నేను.

మీ అమ్మ సిటీ కౌన్సిల్‌కి నిలబడ్డప్పుడు నువ్వు హాస్టల్లో ఉన్నావు. ఈ టెక్సాస్ ఎండలో ఇల్లిల్లూ తిరిగిందిలే పాపం. ఆమెతో పాటు తిరిగినవాడు ఆ కారంకుల్. పేరొద్దు, రికార్డులో పేర్లు వద్దు, కార్ల పిచ్చి కదా, కారు అంకుల్, కారంకుల్ అనుకో. మీ అమ్మ పేరున్న బోర్డులన్నీ సుత్తి పట్టుకుని రోడ్ల పక్కన పాతింది ఆయనే. "చెల్లెమ్మా, నువ్వు ఇంట్లో కూర్చో, గెలిపించే పూచీ నాది" అనేవాడు. ఒకడెవడో ఒక బోర్డు పీకేశాడని వాడి గేటు దాకా వెళ్ళి, సుత్తి ఊపుతూ బూతులు తిట్టొచ్చాడు కూడా. అప్పుడు మనమంతా నవ్వాం, మనకోసమేగా అని.

కౌన్సిలంటే రోడ్లు, చెత్త బండ్లు, పార్కులో ఉయ్యాలలు అనుకున్నా నేను. ఫైరింజన్లు కూడా వాళ్ళ కిందేనని తర్వాత తెలిసింది. మనదీ పక్కూరుదీ కలిపి ఒకటే ఫైర్ సర్వీసు. దాని మీద పెత్తనానికి ఒక బోర్డు, కమిటీ లాంటిది. మన కౌన్సిల్ తనలోంచి ఇద్దర్ని పంపిద్ది, పక్కూరు కౌన్సిల్ ఇద్దర్ని. వీళ్ళు గాక ఊళ్ళో మామూలు మనిషి ఒకరు. ఆ మనిషి పేరు మేయర్ చెప్తాడు, మన కౌన్సిల్ చేతులెత్తి ఒప్పుకోవాలి. కొత్త ఇంజను కొనాలన్నా, ఫైరింజనోళ్ళ పెద్ద, ఆ చీఫ్‌ని ఉంచాలన్నా, ఎవరి మీదైనా కంప్లయింటొస్తే ఉద్యోగం ఉంచాలా పీకాలా అన్నా ఆ బోర్డే. రెండూళ్ళ వాళ్ళు అటిద్దరూ ఇటిద్దరూ అయ్యారనుకో, ఐదో మనిషి ఎటంటే అటు. ఈ గొడవంతా ఆ ఐదో కుర్చీ గురించే.

ఇప్పుడు ఆదివారం సంగతి విను. కారంకుల్ వాళ్ళింట్లో సత్యనారాయణ వ్రతం. కథ అయింది, ప్రసాదం పెట్టారు, భోజనాలు. ముందు గడ్డిలో టెంటు వేసి లైవ్ దోసె కౌంటరు. పెద్ద పెనం, కింద గ్యాసు, వంటబ్బాయి వేడి వేడిగా వేసి ఇస్తన్నాడు. మన టెక్సాస్ గాలి సంగతి తెలుసుగా, టెంటు మేకు ఒకటి ఊడొచ్చింది. అంతే, కారంకుల్ ఆ తాడు తీసుకెళ్ళి హైడ్రెంటుకి కట్టాడు. అదే, రోడ్డు పక్కన పొట్టిగా పసుప్పచ్చ రంగేసి ఉంటది చూడు, ఫైరింజనోళ్ళు నీళ్ళు తీసుకునే కుళాయి. "ఇంత గట్టి గుంజ ఉండగా మేకులెందుకురా" అన్నాడు. వంటబ్బాయి ఇంకా నయం, దాని నెత్తి మీద చట్నీ గిన్నె పెట్టాడు.

దానికి అడ్డంగా కొత్త కారు. నల్లగా నిగనిగలాడతా, ముందు నిమ్మకాయ వేలాడతా. వచ్చేపోయేవాళ్ళందరికీ కనపడాలని అక్కడే పెట్టాడు. ఆంటీ, అదే కారంకుల్ భార్య, ప్లేట్లు పట్టుకుని వస్తా వస్తా, "ఏవండీ, అక్కడ పెట్టకూడదంటండీ" అంది మెల్లగా. "నీకు డ్రైవింగ్ వచ్చా? రాదుగా. లోపలికి పో" అన్నాడు. నలుగురూ నవ్వారు. ఆవిడ లోపలికి పోయింది.

లోపల ఏసీ చలి ఎముకలు కొరుకుతందని నేను బయట వరండాలో కుర్చీ వేయించుకున్నా. అందుకే చూశా.

పక్కింటి తెల్ల ముసలాయన గరాజులో ఏదో వెల్డింగు చేసుకుంటన్నాడు. ఠప్ మని పేలింది చూడు, నా కుర్చీ కదిలింది. గరాజు తలుపు మధ్యలో ఉబ్బి, చీలి, లోపల్నుంచి మంట బయటికి దూకింది. దూకిందంటే నిజంగానే, గొలుసు తెంచుకున్న కుక్కలాగా. ఆయన భార్య చెప్పుల్లేకుండా గడ్డిలోకి పరిగెత్తుకొచ్చి ఆయన పేరు పెట్టి అరుస్తంది. ఆయన లోపలే ఉన్నాడు. ఆ అరుపు నాకు భాష అక్కర్లేకుండా అర్థమైంది.

ఫైరింజను తొందరగానే వచ్చింది, ఆ మాట చెప్పాలి. అందరూ ఇంటి మీదకి పరిగెత్తారు, ఒక్క పిల్ల మాత్రం గొట్టం భుజాన వేసుకుని హైడ్రెంటు దగ్గరికొచ్చింది. పిల్లే, నీకన్నా రెండు మూడేళ్ళు పెద్దదేమో. చూసింది. కారు. తాడు. చట్నీ గిన్నె. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. గొడ్డలి తీసి కారు అద్దం పగలగొట్టింది. అటు చుట్టూ పోయి రెండో పక్క అద్దం. గాజు పెంకులు నా కాళ్ళ దాకా వచ్చినయ్. ఈ కిటికీలోంచి ఆ కిటికీలోకి గొట్టం దూర్చి లాగింది. ఇక్కడ అట్టానే చేస్తారంట, కారు పక్కకి తీసేదాకా ఆగరు. మనిషి కాలిపోతుంటే ఎట్టా ఆగుతారు? తర్వాత తాడు మీద ఒక్క వేటు. టెంటు కూలి పెనం మీద పడింది. నూనె చింది వంటబ్బాయి చెయ్యి మోచేతి దాకా బొబ్బలు. వాడి కేక, ఆ టెంటు గుడ్డ అంటుకోటం, అన్నీ ఒకేసారి. గ్యాసు కట్టేశారు కాబట్టి సరిపోయింది, లేకపోతే ఇంకో ఇల్లు పోయేది.

కారంకుల్ గడ్డిలోనే ఉన్నాడు. "నా కారు! ఒసేయ్, నా కారు!" అని గొట్టం పట్టుకుని వెనక్కి లాగుతున్నాడు. ఆ పిల్ల "వెనక్కి వెళ్ళండి సార్, లోపల మనిషున్నాడు" అని అరుస్తంది. సార్ అనే అంది, నేను విన్నా. ఆయన కింద పడున్న రెంచి తీశాడు. హైడ్రెంటు తిప్పేది, నా చెయ్యంత పొడుగుంటది, ఇనుముది. తీసి ఆ పిల్ల దవడ మీద కొట్టాడు.

ఆ చప్పుడు ఎట్టుందో చెప్పనా? వద్దులే, నువ్వు అన్నం తినాలి.

పన్ను ఊడి గడ్డిలో పడింది. నోట్లోంచి రక్తం గడ్డం మీదుగా కారతంది. అది కింద పడలేదు. తలొంచి, ఎద్దు కుమ్మినట్టు భుజంతో ఒక్క తోపు తోసింది. ఈయన వెళ్ళి సిమెంటు గట్టు మీద పడ్డాడు, భుజం ఎముక విరిగింది. ఈయన చేతిలోంచి రెంచి లాక్కుని, మోకాలితో ఈయన్ని అదిమి పట్టి, ఆ చేత్తో హైడ్రెంటు తిప్పుతానే ఉంది. కారులో గొట్టం ఉబ్బి కొండచిలువలాగా కదిలింది. నీళ్ళు పోయినయ్.

పేలుడుకి లోపలికి పరిగెత్తిన మనవాళ్ళు అప్పుడొచ్చారు బయటికి. అప్పుడు! ఫోన్లు తీసి వీడియోలు. వీడియోలో ఏముంది? మనవాడు కింద పడి ఏడుస్తన్నాడు, ఒక తెల్లపిల్ల మోకాలు పెట్టి తొక్కుతంది. దాని మొహం అటు తిరిగుంది, రక్తం ఎవడికీ కనపళ్ళేదు. దానితో వచ్చినవాళ్ళంతా మంట దగ్గరున్నారు.

పక్కింటాయన్ని బయటికి తీసుకొచ్చారు. దుప్పటి కప్పేలోపు నేను చూశాను. చేతులు చేతుల్లాగా లేవు. ఆస్పత్రిలో పోయాడు. ఇంకొంచెం ముందు నీళ్ళు అందుంటే బతికేవాడా అంటే నాకు తెలవదు, ఎవరికీ తెలవదు. ఆయన భార్యకి మాత్రం ఆ ప్రశ్న మిగిలిపోయింది.

సాయంత్రానికి ఊళ్ళో మన వాట్సాప్ గ్రూపులన్నిటా ఆ వీడియోనే. "వ్రతం చేసుకుంటుంటే వచ్చి మనవాణ్ణి చితక్కొట్టారు" అని. ఆ పిల్ల దవడ సంగతి? గొట్టం మూతి తగిలిందని కారంకుల్ చెప్పాడు. ఆయన మాటకి ఎదురు దాని మాటే. దాన్ని పనిలోంచి పక్కన పెట్టి కూర్చోబెట్టారు, బోర్డు విచారణ అయ్యేదాకా.

నేను మీ అమ్మకి ఆ రోజే చెప్పా. అది తల పట్టుకుంది. "అమ్మా, నువ్వు నా అమ్మవి. నీ మాట నేను కౌన్సిల్లో పెడితే నేను అల్లించానంటారు. కౌన్సిల్ లాయరు కూడా నన్ను నోరెత్తొద్దన్నాడు." సరే అని ఊరుకున్నా.

కొన్నాళ్ళకి కారంకుల్ మనింటికొచ్చాడు, చెయ్యి మెడకి కట్టుకుని. మీ అమ్మ గాజు గ్లాసులో కాఫీ ఇచ్చింది.

"చెల్లెమ్మా, ఫైర్ బోర్డులో ఖాళీ ఉందిగా, అప్లై చేశా. మేయర్ నా పేరే పెడతానన్నాడు. ముగ్గురు నావైపు, ముగ్గురు అటు. నువ్వు చెయ్యెత్తితే అయిపోద్ది."

"నీ కంప్లయింటే ఆ బోర్డు ముందుంది కదన్నయ్యా. నువ్వే ఎట్టా కూర్చుంటావు?"

"అది వచ్చినప్పుడు లేచి బయటికెళ్తాలే, రూలు నాకూ తెలుసు. కానీ చీఫ్‌కి కొత్త ఇంజను కావాలి. నన్ను కాదని కొనగలడా? ఆ పిల్ల యూనిఫాం వాడి చేత్తోనే ఊడదీయిస్తా. ఆడదయ్యుండి నా మీద మోకాలు పెట్టుద్దా?"

నాకు ఆగలేదు. "ముందు కొట్టింది నువ్వేగా నాయనా. నేను చూశాగా."

నా వైపు తిరిగి నవ్వాడు. "పెద్దమ్మగారూ, మీ కళ్ళాపరేషన్ ఇంకా కాలేదుగా. మీకు నేను కనపడుతున్నానా, నా నీడ కనపడుతోందా?"

"కనపడతన్నావు నాయనా. ఇంకా బాగా కనపడతన్నావు ఇప్పుడు" అన్నా.

ఆ గ్లాసు తీసి గోడకేసి కొట్టాడు. కాఫీ మీ అమ్మ చీర మీద, గోడ మీద. ఒక పెంకు మీ అమ్మ చెంప గీసింది. "బోర్డులు పాతిన చెయ్యే చెల్లెమ్మా, పీకటం కూడా వచ్చు" అని వెళ్ళిపోయాడు. ఆ వారంలో మన మెయిల్ బాక్సు ఎవడో కారుతో గుద్ది పడేశాడు. ఫోన్లో ఎవడెవడో, తెలుగే, "మీ అమ్మాయి ఏ కాలేజీయో మాకు తెలుసు" అన్నారు. అదీ నువ్వు వినాల్సింది. నీకు చెప్పొద్దని మీ అమ్మ ఒట్టేయించుకుంది. నేను ఒట్టు తీసి గట్టున పెట్టా.

కౌన్సిల్ మీటింగు సాయంత్రం హాలు నిండా మనవాళ్ళే. మీ అమ్మ పైన బల్ల దగ్గర, చెంప మీద చిన్న ప్లాస్టరు. ఆ ఫైర్ పిల్ల వెనక గోడకి ఆనుకుని నిలబడుంది, దవడ ఒక పక్క ఇంకా వాపు. ముందు వరసలో చనిపోయినాయన భార్య. కారంకుల్ కట్టు చేత్తో లేచి మాట్లాడాడు. పన్నులు కడుతున్నామన్నాడు, మన పండగలంటే వీళ్ళకి గౌరవం లేదన్నాడు, బోర్డులో మనవాడొకడు ఉండాలన్నాడు. చప్పట్లు. అబద్ధం కాదులే కొంత, మనవాడొకడు ఉండాలి. కానీ ఈయనా?

తర్వాత జనంలోంచి ఎవరైనా మాట్లాడొచ్చన్నారు. నేను లేచా. మీ అమ్మ మొహం తెల్లబోయింది. మైకు దగ్గరికెళ్ళి తెలుగులో మొదలుపెట్టా. మేయర్ పెద్దాయన చెయ్యి చూపించి ఆపి, ఈవిడ మాట ఎవరైనా ఇంగ్లీషులో చెప్తారా అనడిగాడు. హాలు నిండా సాఫ్ట్‌వేరోళ్ళే కదా, ఇంగ్లీషులో ఉద్యోగాలు చేసేవాళ్ళే. ఒక్కడు తల ఎత్తితే ఒట్టు. అందరికీ ఒకేసారి ఫోన్లో పనొచ్చింది.

ఆంటీ లేచింది. ఆ కారంకుల్ భార్య.

ఆయన నవ్వాడు, వెనక్కి వాలి కూర్చున్నాడు. పెళ్ళాం చేతికొచ్చింది కదా మాట, కావాల్సినట్టు తిప్పుద్ది అనుకున్నాడు. నేనూ అదే అనుకున్నా, నిజం చెప్తున్నా. నా పక్కన నిలబడి "చెప్పండి పెద్దమ్మగారూ, చిన్న చిన్నగా చెప్పండి" అంది. మైకు తన వైపు వంచుకుంది.

నేను తాడు చెప్పా. ఆవిడ తాడు చెప్పింది. నేను కారు చెప్పా. ఆవిడ కారు చెప్పింది. నాకు ఇంగ్లీషు మాట్లాడటం రాదు గానీ వింటే తెలుస్తదే. రెంచి దగ్గరికొచ్చేసరికి నేను ఆగి ఆవిడ మొహం చూశా. "చెప్పండి" అంది. "ఈయన తీశాడు. ఆ పిల్ల దవడ మీద కొట్టాడు. అది ముందు. తోయటం తర్వాత" అన్నా. ఆవిడ అదీ ఒక్క ముక్క వదలకుండా చెప్పింది. చివర్న ఇంకో మాట అన్నాలే నేను, అది తర్వాత చెప్తా.

నా మాట అయిపోయింది, ఆవిడ కూర్చోవాలిగా. కూర్చోలేదు. "నేను కూడా చూశాను" అంది మైకులో. "గుమ్మంలో ప్లేట్లు పట్టుకుని నిలబడున్నాను. ఆ చెయ్యి ఎంత గట్టిగా తగులుద్దో నాకు తెలుసు. మా హాల్లో పటాలు నడుమెత్తున ఎందుకు తగిలించామో ఆయన్ని అడగండి." ఇక్కడి గోడలు అట్టముక్కలేగా, పిడికిలితో గుద్దితే లోపలికి పోద్ది. చిల్లుకి ఒక పటం. వ్రతం రోజు నేనూ చూశా ఆ పటాలు, పిల్లలకి కనపడాలని కిందకి పెట్టారేమో అనుకున్నా. వాళ్ళకి పిల్లలు లేరు.

ఆయన లేచాడు. ఇనప కుర్చీ, ఒంటిచేత్తో, గిరగిరా తిప్పి విసిరాడు. నా చెవి పక్కగా పోయి ఆంటీ నుదుటికి తగిలింది. తోలు చీరుకుపోయి రక్తం కళ్ళలోకి. ఆవిడ కింద కూలబడింది. మళ్ళీ వస్తన్నాడు, మీద పడి తన్నటానికి. ఇందాక చప్పట్లు కొట్టినోళ్ళు ఒక్కడూ అడ్డం రాలేదు. పోలీసులిద్దరు తలుపు దగ్గర్నుంచి వచ్చి ఆయన్ని నేలకేసి పడేశారు. ఆ విరిగిన భుజం మీదే పడ్డాడు, ఊళ పెట్టాడు. చేతులు వెనక్కి విరిచి తీసుకెళ్ళారు, దారి పొడుగునా ఆవిణ్ణి బూతులు.

వెనక గోడ దగ్గర్నుంచి ఆ ఫైర్ పిల్ల బెంచీలు దాటుకుంటా వచ్చింది. సస్పెండ్ చేస్తే చేశారు, దాని పని అది మర్చిపోలేదు. ఆంటీ తల ఒళ్ళో పెట్టుకుని, ఎవరిదో గుడ్డ మడిచి నుదుటి మీద నొక్కి పట్టుకుంది. ఆంటీ దాని దవడ చూసి ఏడుస్తంది, "సారీ, సారీ" అని. అది తల ఊపింది, దవడ సరిగా తెరుచుకోక మాట ముద్దముద్దగా వస్తంది.

మేయర్ ఇవాళ్టికి ఆపేద్దామన్నాడు. మీ అమ్మ లేచి నిలబడింది. "ఆపొద్దు. పేరు మీరు పెట్టారు. ఓటు పెట్టండి" అంది. నేల మీద రక్తం తుడవలేదింకా. ముగ్గురు చెయ్యెత్తారు చూడు, అప్పుడు కూడా! ఒకడు దించేశాడులే మధ్యలో. వద్దనేవాళ్ళెవరని అడిగితే మీ అమ్మ అందరికన్నా ముందు ఎత్తింది చెయ్యి, మనవాళ్ళందరి కళ్ళలోకీ చూస్తా. ఆయనకి ఆ కుర్చీ పోయింది. అదంట వెన్నుపోటు. ఎదురుగా నిలబడి పొడిచేదాన్ని వెన్నుపోటంటారా?

తర్వాత బోర్డు విచారణలో ఆంటీ మళ్ళీ చెప్పింది, నుదుటి మీద కుట్లతో. ఆ పిల్ల ఉద్యోగం నిలబడింది. ఆయన మీద కేసులు నడుస్తన్నాయి. మనల్ని బతుకమ్మకి పిలవలేదు, దేనికీ పిలవలేదు, వచ్చే ఎలక్షన్లో మీ అమ్మకి బోర్డులు పాతేవాడు లేడు. మీ నాన్న సుత్తి పట్టుకోటం నేర్చుకోవాలి. ఆంటీ వేరే అపార్ట్‌మెంటు తీసుకుంది, ఇప్పుడు డ్రైవింగ్ నేర్చుకుంటంది. గుద్దేసింది ఒకసారి, పర్లేదు.

మొన్న ఆంటీ మనింటికొచ్చినప్పుడు ఆ ఫైర్ పిల్ల కూడా వచ్చింది, కొత్త పన్ను పెట్టించుకుంది. వంటింట్లో కూర్చుని ఉప్మా తింటా ఆంటీని ఒకటడిగింది. "ఆ రోజు మైకు దగ్గర పెద్దావిడ ఒక మాట అంటే మీవాళ్ళంతా ఉలిక్కిపడ్డారు. అదొక్కటే మీరు ఇంగ్లీషులో చెప్పలేదు. ఏమందావిడ?" ఆంటీ మొహం ఎర్రబడిపోయింది. "అది ఇంగ్లీషులో రాదు" అంది. రాకేం, సిగ్గు. ఆయన వైపు వేలు చూపించి అన్నాన్లే, నేను కూడా మా ఊరి భాష మర్చిపోలేదు. నీకు చెప్తా గానీ మీ అమ్మకి తెలవకూడదు, దగ్గరికి రా. "ఒరేయ్," అన్నా, "నువ్వు పుట్టినప్పుడు మీ అమ్మ"

ఆఁ? మీ అమ్మ పిలుస్తంది. వస్తన్నానే, వస్తన్నా! అన్నం పెట్టేశావా అప్పుడే? పిల్లకి చెప్తన్నా ఒక్క మాట, చల్లారితే చల్లారుద్ది… సరే సరే, కంచం పట్టుకుని నిలబడకు అట్టా, లేస్తన్నా. చెయ్యందియ్యవే, మోకాళ్ళు పట్టేసినయ్. ఏమన్నానంటే, "ఒరేయ్, నువ్వు పుట్టినప్పుడు మీ అమ్మ నిన్ను"… ఏయ్, పిల్ల ఫోను లాక్కుంటావేమే, ఆ రికార్డింగు ఆపకు